బోరుబావుల దారిలో పరుగు

బుక్కరాయసముద్రంలో జాకెట్లు కుట్టే వన్నూరమ్మ షుగరు వచ్చినప్పటి నుంచి తెల్లవారకముందే వేరుశనగ చేల దారిలో పరుగెత్తుతోంది. ఈ మధ్య ఒక మోటార్ సైకిల్ లైటు ఆర్పుకొని ఆమె వెనకే వస్తోంది. పరుగు మానేద్దామా అనుకుంది. మానితే షుగరు ఊరుకోదు. ఇవాళ ఆగి నిలదీసింది.

"ఏమప్పా, నా యెనక ఏం పని నీకు?"

బండి మీది రైతు ఓబుళపతి దిగలేదు. "బోరు కేబుళ్లు కోసుకుపోతాండారు. ఎవురూ తరమకుండా ఉరుకుతాంటే ఏమనుకోవల్ల?"

"షుగరుకు ఉరుకుతాండానన్నా. నా చేతిలో కేబులుండాదా?"

"దొంగలకు బోర్లు చూపిచ్చేవాళ్లు గూడా ఉంటారు."

"అట్లయితే నా ముందర పో."

"ముందర పోతే నిన్ను ఎట్ల చూడల్ల?"

ఇద్దరిలో ఎవరికీ అవతలివాళ్లకు వీపు చూపించడం ఇష్టం లేదు. ఆఖరి బోరు దాటేదాకా బండి ఆమె పక్కనే, ఆమె పరుగంత నెమ్మదిగా వచ్చింది.