ట్రెడ్‌మిల్ డెస్కు, నొప్పి తెలియని నా పాదం

ఆ ఉదయం నేను డెస్కు దగ్గర నడుస్తూ థీసిస్ మూడో చాప్టర్ టైప్ చేస్తున్నాను. కాఫీ కలుపుకోవడానికి వచ్చిన రమ్య నా వెనకే ఆగిపోయింది. పరాయి దేశంలో, మా యూనివర్సిటీ పక్కనున్న క్లేటన్‌లో మేమిద్దరం ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. తనది కరీంనగర్, నాది బాపట్ల దగ్గర.

"అక్కా, మిషన్ ఆపు. బెల్టు మీద ఆ మరకలేంది?" అంది.

ఆపి చూశాను. నల్లటి బెల్టు మీద అడుగుకో మరక, తడిగా. వేలితో తుడిస్తే ఎర్రగా అంటుకుంది. కుడి పాదం ఎత్తి చూసుకుంటే బొటనవేలి కింద చర్మం రూపాయి బిళ్ళంత మేర ఊడిపోయి ఉంది. నాకు నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి పెద్ద దెబ్బ కాదనుకున్నాను. నా తప్పు అక్కడే ఉంది.

పదకొండో ఏట నుంచి నాకు టైప్ వన్ డయాబెటిస్. పీహెచ్‌డీలో చేరాక రోజంతా కుర్చీలోనే గడిచి షుగర్ అదుపు తప్పింది. ఎక్కువసేపు కూర్చోవద్దని జీపీ, అంటే మా ఫ్యామిలీ డాక్టర్, చెప్పారు. అందుకని డెస్కు కింద పట్టే చిన్న ట్రెడ్‌మిల్ తెచ్చుకున్నాను. షూ వేసుకుని నడవాలని దాని పెట్టె మీద బొమ్మ వేసే ఉంది. ఇంట్లో షూ ఏమిటని, పైగా ఎండాకాలమని, ఉత్త కాళ్ళతోనే రోజుకు నాలుగు గంటలు నడిచేదాన్ని. షుగర్ దిగుతుంటే గర్వంగా ఉండేది. అంతకుముందు ఏడాదిగా పాదాల్లో తిమ్మిర్లు వచ్చేవి. అవి ఆగిపోయాయని సంతోషించాను కూడా. ఆగింది తిమ్మిరి కాదు, స్పర్శే పోయిందని నాకు తెలియదు.

పుండుకు బ్యాండేజీ అంటించి, రెండు జతల సాక్సులు తొడుక్కుని మళ్ళీ ఎక్కాను. సూపర్‌వైజర్‌కి చాప్టర్ ఇవ్వాల్సిన వారం అది. ఎనిమిదో రోజుకి చలిజ్వరం వచ్చింది. సాక్సు విప్పితే గదంతా వాసన. రమ్య ముక్కు మూసుకోలేదు. కారు తాళాలు తీసుకుని నన్ను ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది.

అక్కడి డాక్టర్ సన్నటి ప్లాస్టిక్ దారం చూపించి, కళ్ళు మూసుకుని అది పాదానికి తగిలినప్పుడల్లా యస్ అనమన్నారు. ఆయన మొదలుపెడతారని ఎదురుచూస్తూనే ఉన్నాను. కళ్ళు తెరవమనేసరికి పరీక్ష అయిపోయింది. తర్వాత సన్నని లోహపు పుల్లను పుండులోకి దింపారు. అది దేనికో తగిలి ఆగింది. "దట్స్ బోన్," అన్నారు నెమ్మదిగా. ఆ పుల్ల నా ఎముకకు తగిలినా నాకు తెలియలేదు.

ఎక్స్‌రే తీశారు, ఎమ్మారై తీశారు. ఆస్టియోమైలైటిస్ అన్నారు, అంటే ఎముకకే ఇన్ఫెక్షన్. డ్రిప్‌లో యాంటీబయాటిక్స్ ఎక్కించారు. మూడో రోజు సర్జన్ వచ్చి, బొటనవేలు తీసేయకపోతే పాదం దక్కుతుందని చెప్పలేనన్నారు. సంతకం పెట్టాను. బొటనవేలు తీసేశారు.

ఇంటికి వచ్చాక గాయం మూసుకోలేదు. మూడు వారాలకు పక్క వేలు నల్లబడింది. మళ్ళీ ఆపరేషన్. ఆ రెండోసారి నేను పూర్తిగా ఓడిపోయాను. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. ఇంకా ఎంత కోయాలో అంతా ఒకేసారి కోసెయ్యమని నర్సును అడిగాను. ఆమె డ్యూటీ అయిపోయినా కుర్చీ లాక్కుని కాసేపు నా పక్కన కూర్చుంది.

ఇదంతా మా అమ్మకు చెప్పలేదు. వీడియో కాల్‌లో నా ముఖం మాత్రమే కనపడేలా ఫోన్ పట్టుకునేదాన్ని. రమ్యకు ఇక ఓపిక పోయింది.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది.

నేనే చెప్పాను. అమ్మ ఊళ్ళో నర్సుగా పనిచేసి రిటైరయింది.

"ఎన్ని వేళ్ళే?" అంది.

"రెండమ్మా."

"బాగా నొప్పిగా ఉందా తల్లీ?"

"లేదమ్మా. అసలు నొప్పే తెలియట్లేదు."

అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మనిషి, ఆ మాట విని ఏడ్చింది. నొప్పి తెలియకపోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు.

యూనివర్సిటీకి సెలవు పెట్టి, పాదం మీద బరువు పడనివ్వని మూన్ బూట్‌తో నాలుగు నెలలు గడిపాను. మోకాలిదాకా ఉండే ఆ బూటుతో బాత్రూమ్‌కి వెళ్ళడమే పెద్ద పని. వారం వారం గాయాన్ని కొలిచేవారు. ఒక్కోసారి కాస్త తగ్గేది, ఒక్కోసారి అంతే ఉండేది. పాదాలు చూసే పోడియాట్రిస్ట్ ఒకరోజు రోజూ అరికాళ్ళు చూసుకోమని నా చేతికి అద్దం ఇచ్చి, "యువర్ ఐస్ హ్యావ్ టు డూ ద ఫీలింగ్ నౌ," అన్నారు. స్పర్శ తిరిగి వస్తుందా అని అడిగాను. రాదనే అన్నారు.

ఇప్పుడు గాయం మానింది. థీసిస్ మళ్ళీ మొదలుపెట్టాను, కూర్చునే రాస్తున్నాను. నా పాదాలకు ట్రెడ్‌మిల్ ఇక పనికిరాదన్నారు. గంటకోసారి లేచి, కొలతలు తీసి కుట్టించిన షూ వేసుకుని ఇంట్లోనే నాలుగడుగులు వేస్తాను. భయం మాత్రం మానలేదు. పోయిన నెల ఎడమ మడమ మీద చిన్న ఎర్ర మచ్చ కనపడితే గంటసేపు బాత్రూమ్ నేల మీదే కూర్చుండిపోయాను. అది దోమకాటట.

ఇంట్లో నడిచే డెస్కు వాడేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. షుగర్ ఉంటే ముందు పాదాలకు స్పర్శ పరీక్ష చేయించుకోండి, అసలు నడవచ్చో లేదో డాక్టర్‌నే అడగండి. లేనివాళ్ళు కూడా ఉత్త కాళ్ళతో, సాక్సులతో బెల్టు ఎక్కకండి. వేళ్ళకు ఒరుసుకోని షూ వేసుకోండి. వేసుకునేముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. దిగాక అరికాళ్ళు చూసుకోండి. నొప్పి పుడితే చూద్దామని ఆగకండి. ఇవాళ, ఇది చదవడం అవగానే, ఒకసారి రెండు పాదాలూ తిప్పి చూసుకోండి.