మొదటి ముక్క గౌరిది

అక్కుపల్లి ఒడ్డున సరుగుడు తోపు దాటగానే రోడ్డు పక్కన ఢిల్లీశ్వరరావు పాక ఉంటుంది. కాల్చిన చేపలు అమ్ముతాడు. ఆ పాకకో పద్ధతి ఉంది. పొయ్యి మీంచి దిగిన మొదటి ముక్క అతని భార్య గౌరి నోట్లో పడాలి. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలి, తలూపితేనే బేరం మొదలు. కాశీబుగ్గ నుంచి కార్లో దిగినవాళ్ళయినా సరే, ఆకలికి నకనకలాడే పిల్లలయినా సరే, గౌరి తల ఊగేదాకా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. "ఇదెక్కడి చోద్యమయ్యా, మా డబ్బులు పెట్టి మేం తినడానికి ఈవిడ పర్మిషనేంటి?" అని కొత్తవాళ్ళు విసుక్కునేవారు. తిన్నాక మళ్ళీ ఆ మాట ఎత్తేవారు కారు.

"ఏటి బావా, పెళ్ళామంటే మరీ అంత మురిపెమా?" అని బర్నబా వేళాకోళం చేసేవాడు. బర్నబాది బారువ. ఇద్దరూ ఒకప్పుడు గుజరాత్ వెళ్ళి ఒకే బోటు మీద చేపల వేట చేశారు. ఒకే కంచంలో తిన్నారు.

"మురిపెం కాదురా. నా నాలుక సుట్టలకి అమ్ముడుపోనాది. దాని నాలుక బంగారం" అనేవాడు ఢిల్లీశ్వరరావు.

అబద్ధం కాదు. చిన్నప్పట్నుంచీ చుట్టలు కాల్చీ కాల్చీ అతనికి పులుసుకీ వేపుడుకీ తేడా తెలియకుండా పోయింది. గౌరి అలా కాదు. పక్కింటి కూర గాలికి వస్తే "ఓలమ్మ, నారాయణమ్మ ఈ రోజు సింతపండు ఎక్కువేసీసింది" అనే మనిషి. భుజం పట్టేసి వేట మానేశాక ఢిల్లీశ్వరరావు పాక వేసింది ఆవిడ నాలుకని నమ్ముకునే. ఇంకే పెట్టుబడీ అతని దగ్గర లేదు.

చాలా ఏళ్ళు కొబ్బరి డొక్కల నిప్పుల మీదే కాల్చారు. కొబ్బరితోటల ఉద్దానంలో డొక్కలకి కరువేముంది? కానీ పొగ. సముద్రం గాలి ఎటు తిరిగితే అటు పొగ తిరిగి, అదేం పగో గాని, చివరికి గౌరి మొహం మీదికే వచ్చేది. సాయంత్రానికి ఆవిడ కళ్ళు చింతనిప్పులయ్యేవి. అతనికి చూడబుద్ధయ్యేది కాదు. ఒకరోజు ఎవరో ఫోనులో పెల్లెట్ గ్రిల్లు చూపించారు. రంపపు పొట్టుని గట్టిగా ఒత్తి చేసిన గుళికలు పక్క డబ్బాలో పోస్తే చాలట. లోపల చిన్న ఫ్యాను తిరుగుతుంది, సన్నటి మంట వస్తుంది, పైన జాలీ మీద చేప కాలుతుంది, పొగ పేరుకైనా ఉండదట. ఇంకేం, అయ్యగారు నిద్రలో కూడా గుళికలే కలవరించాడు. విశాఖ నుంచి లారీ మీద తెప్పించేదాకా ఊరుకోలేదు.

ఆ పొయ్యి వచ్చిన రోజున గౌరి మొదటి ముక్క నమిలింది. నమిలి నమిలి ఊరుకుంది. తల ఊగలేదు.

"ఏటే?"

"ఏటో మావా. సప్పగా ఉంది. గెడ్డి నమిలినట్టుంది."

మర్నాడు ఆవిడ ఉప్పు పెంచింది. అయినా చప్పగానే ఉందంది. ఇంకా పెంచింది. అప్పుడు తినేవాళ్ళు మొహాలు చిట్లించడం మొదలుపెట్టారు. "ఏంటయ్యా ఇది, నాలుక పగిలిపోతోంది" అని పలాస నుంచి ప్రతి ఆదివారం వచ్చే మాస్టారు సగం వంజరం వదిలేసి లేచిపోయారు. గౌరేమో చప్పన, జనమేమో ఉప్పన. మనలాంటివాళ్ళయితే ఎవరి నోరు తేడాగా ఉందో అని ఆలోచిస్తాం. ఢిల్లీశ్వరరావు ఆలోచించలేదు. గౌరి నాలుక తప్పు చెప్పడమన్నది అతని బుర్రలోకి రానే రాదు. సూర్యుడు పడమటన పొడిచాడంటే నమ్ముతాడు గాని అది నమ్మడు. అందుకని తనే ఒక సిద్ధాంతం కనిపెట్టాడు.

"ఈ పొయ్యి గాలికి సేప పైన బిగిసిపోతంది. ఉప్పు లోపలికి దిగనివ్వడం నేదు, అంతా పైనే ఉండిపోతంది. అందుకే ఆళ్ళకి ఉప్పన, నీకు సప్పన" అన్నాడు. గౌరి కూడా అవునేమో అనుకుంది.

ఇంట్లోనూ అంతే. అతని చుట్టల నాలుకకి కూడా కూర ఉప్పు తగిలేది. పాక దగ్గర ఉప్పు పెంచీ పెంచీ ఆవిడ చెయ్యి అలా అలవాటు పడిపోయిందనుకున్నాడు. "ఏటే గౌరీ, కూరొండినావా, సముద్రం తోడుకొచ్చినావా?" అని అతను నవ్వేవాడు. ఆవిడా నవ్వేది. సాయంత్రాలు ఆవిడ పాదాలు ఉబ్బుతుంటే రోజంతా నిలబడడం వల్లేననుకున్నాడు. కొబ్బరినూనె రాశాడు కూడా.

ఇక ఆ పొయ్యిని తిట్టని తిట్టు లేదు. దరిద్రపుగొట్టు పొయ్యి అన్నాడు, కొంప ముంచిందన్నాడు. ఆఖరికి బర్నబాని పిలిచి, "నువ్వే పట్టుకుపోరా, దీని మొహం నాకు సూపించకు" అని ఇచ్చేశాడు. బర్నబా దాన్ని బారువ ఒడ్డున పెట్టి తనూ చేపలు కాల్చి అమ్మడం మొదలుపెట్టాడు. మళ్ళీ ఇక్కడ డొక్కల నిప్పులు రాజుకున్నాయి, ఉప్పూ పాత కొలతకే తిరిగొచ్చింది. ఆ రోజు మొదటి ముక్క తిని గౌరి వెంటనే తలూపింది. నమలడం కూడా పూర్తి కాలేదు.

"సూసినావా! నేను సెప్పలేదేటి, ఆ పొయ్యిదే తప్పని" అని ఢిల్లీశ్వరరావు పాకంతా గెంతాడు. తినేవాళ్ళు కూడా ఉప్పు సరిపోయిందన్నారు. మాస్టారు తిరిగొచ్చారు. అంతా కుదుటపడినట్టే కనబడింది, ఒక్క పొగ తప్ప.

ఆ పొగ కోసమే అతను మళ్ళీ పొయ్యిల వేటలో పడ్డాడు. ఈసారి తొందరపడలేదు. టెక్కలిలో ఒక ధాబా వెనకాల నిలబడి మధ్యాహ్నమంతా వాళ్ళ గ్రిల్లు చూశాడు. అదీ గుళికలదే, కాకపోతే పెద్ద మూత ఉంది. మూత కింద వేడి చుట్టూ తిరిగి చేప లోపలిదాకా ఒకేలా ఉడుకుతుందన్నారు. ఉప్పు లోపలికి దిగుతుందా అని అడిగితే వంటవాడు ఇతన్ని ఎగాదిగా చూసి దిగుతుందన్నాడు.

"వొద్దు మావా. మన డొక్కలే సాలు" అంది గౌరి.

"నీ కళ్ళు సూసుకున్నావా అద్దంలో?"

"కళ్ళు బాగానే ఉన్నాయి. నా మాటిను." ఖర్చుకి భయపడుతోందనుకున్నాడు. ఆడవాళ్ళకి కొత్త వస్తువంటే ముందు అంతే అని సర్దిచెప్పుకున్నాడు. ఒక్కసారి ఆగి, ఎందుకొద్దంటున్నావే అని అడిగి ఉంటే ఎంత బాగుండేది!

కొత్త గ్రిల్లు దిగిన ఆదివారం పాక దగ్గర తిరునాళ్ళలా ఉంది. దానికి బంతిపూల దండ వేశారు. మాస్టారొచ్చారు. బర్నబా చర్చి నుంచి తిన్నగా తెల్లచొక్కాతోనే వచ్చేశాడు. గౌరి తెల్లవారే అల్లం, వెల్లుల్లి, ఎండుమిర్చి నూరి చేపలకి పట్టించింది. చేపకి ఉప్పు ముందే రాస్తే నీరూరుతుందని ఆఖర్న, పొయ్యెక్కించే ముందు రాయడం వాళ్ళ అలవాటు. అది ఎప్పుడూ గౌరి పనే. ఆ రోజు మాత్రం, "ఉప్పు నువ్వే రాసీ మావా, నా సెయ్యి బరువుగా ఉంది" అంది.

ఢిల్లీశ్వరరావు మనసు ఉప్పు మీద ఎక్కడుంది? డబ్బాలో గుళికలు పోయడం, ఫ్యాను తిరిగిందా లేదా చూడడం, చుట్టూ చేరినవాళ్ళకి మూత ఎత్తి చూపించడం, వీటితోనే సరిపోయింది. వంజరం ముక్కలు జాలీ మీద ఎర్రగా కాలాయి. నిజంగానే పొగ లేదు. గౌరి కళ్ళు తేటగా ఉన్నాయి. అవి చూసి అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది. మొదటి ముక్క ఆకులో పెట్టి, రెండు చేతులతో పట్టుకెళ్ళి ఆవిడకిచ్చాడు.

గౌరి కళ్ళు మూసుకుంది. నెమ్మదిగా నమిలింది. చాలాసేపు నమిలి, కళ్ళు తెరిచి అతని మొహంలోకి చూసి నవ్వింది.

"ఇప్పుడు కుదిరినాది మావా. అచ్చం మన డొక్కల మీద కాల్సినట్టే ఉంది. ఉప్పు కూడా లోపలిదాకా దిగినాది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఢిల్లీశ్వరరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బర్నబా చొరవగా రెండో ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. నములుతూ ఆగిపోయాడు.

"బావా, ఉప్పేదీ?"

"ఏటి?"

"ఉప్పు వెయ్యడం మర్సిపోనావు బావా. ఒక్క పలుకు కూడా నేదు."

ఢిల్లీశ్వరరావు బల్ల వైపు చూశాడు. ఉప్పు గిన్నె మీద పెట్టిన మూత పెట్టినట్టే ఉంది. అతను ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. పాక పెట్టినప్పట్నుంచీ తను కాల్చిన చేప తను రుచి చూడడం అదే మొదటిసారి. చుట్టలు తినేసిన ఆ నాలుకకి కూడా తెలిసింది, ఉప్పు లేదని. అప్పుడు గౌరి వైపు తిరిగాడు. ఆవిడ తల వంచుకుని ఆకు మడుస్తోంది.

"నువ్విచ్చిన ఆ పాత పొయ్యి మంచిదే బావా" అన్నాడు బర్నబా గొంతు తగ్గించి. "నాకాడ ఒక్కరు కూడా వంక పెట్టనేదు. నువ్వు బాధపడతావని సెప్పలేదు."

ఉద్దానంలో ఇలాంటిది ఇంకొకరు విడమర్చి చెప్పక్కర్లేదు. కాళ్ళు ఉబ్బడం, నోరు చావడం, వీటి తర్వాత ఏ మాట వస్తుందో ప్రతి గడపకీ తెలుసు. గౌరి అన్నయ్య చిరంజీవి కిడ్నీలు పాడయ్యే పోయాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చేపలు తినకుండానే లేచారు. మాస్టారు ఢిల్లీశ్వరరావు భుజం మీద చెయ్యి వేసి, తనూ వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక అతను ఆవిడ ఎదురుగా ఇసకలో కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచే?"

"పాత పొయ్యి ఇచ్చీసినాక డొక్కల మీద కాల్సినావు గదా. అదీ సప్పగానే ఉంది. అప్పుడు తెలిసినాది, పొయ్యిది కాదు, నాదేనని. నోట్లో ఇనప ముక్క పెట్టుకున్నట్టుంటాది మావా. అన్నయ్య కూడా ఇదే మాట అనేవోడు. అప్పట్నుంచి ఉప్పు నోటితో సూడనేదు, పాత సేతి అలవాటుతో ఏసీసినాను."

"మరి సెప్పవేటే? సెప్పొద్దేటే నాకు?"

"ఏటని సెప్పనూ? నువ్వు నన్ను నమ్మి ఆ పొయ్యిని అన్ని తిట్లు తిట్టినావు. నా నాలుకే సచ్చిపోనాదంటే నువ్వేటయిపోతావు?"

అతను రెండు చేతులతో నెత్తి కొట్టుకుని బావురుమన్నాడు. ఆవిడ ఏడవలేదు. అతని చేతులు పట్టుకుని ఆపింది.

పలాస ఆసుపత్రిలో రక్తం తీసుకున్నారు. క్రియాటినిన్ బాగా పెరిగిపోయింది, కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. ఇక డయాలసిస్ తప్పదన్నాడు. కాగితం మీద రాసుకుంటూ, "నోటికి రుచి తెలియకపోవడం ఎప్పట్నుంచమ్మా?" అని అడిగాడు.

గౌరి నోరు తెరిచేలోగా ఢిల్లీశ్వరరావే చెప్పాడు.

"మొదటి పొయ్యి కొన్నప్పట్నుంచి బాబూ."

డాక్టరుకి అర్థం కాలేదు. రోగం అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడి తన పేరు చెప్పింది. ఢిల్లీశ్వరరావు దాని మాట వినకుండా పాపం ఆ ఇనప పొయ్యిని తిట్టి తరిమేశాడు. పెళ్ళాన్ని అంతగా నమ్మకపోయి ఉంటే, ఒక్కనాడు తనూ ఒక ముక్క రుచి చూసి ఉంటే, ముందే తీసుకొచ్చేవాడు. ఈ మాట అతన్ని ఇప్పటికీ కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు.

పాక మూసేస్తానన్నాడు. గౌరి ఒప్పుకోలేదు. "నేను తలూపకుండా ఎలాగ మూసేత్తావు?" అంది.

అందుకని కొత్త గ్రిల్లు ఇప్పటికీ వెలుగుతోంది. పొగ లేదు, గౌరి కళ్ళు బాగున్నాయి. డయాలసిస్ లేని రోజుల్లో ఆవిడ వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. చిక్కి సగమైపోయింది, చేతికి కట్టు ఉంటుంది. డాక్టరు ఉప్పు ముట్టొద్దన్నాడు, చేప గోరంత ముక్క తింటే తినమన్నాడు. ఢిల్లీశ్వరరావు ఆ గోరంత ముక్కని ఉప్పు లేకుండా వేరే కాలుస్తాడు. ఎంతమంది వచ్చి నిలబడ్డా అదే మొదట దిగుతుంది. అందరి ముక్కలూ ఇప్పుడు అతనే రుచి చూస్తున్నాడు. చుట్టలు మానేశాడు.

మొన్న ఆదివారం ఆవిడ ఆ ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. జనం ఎప్పట్లాగే ఓపిగ్గా కూర్చున్నారు. గౌరి కళ్ళు తెరిచి మొగుడి వైపు చూసి, వెనకటిలాగే మూతి తిప్పింది.

"ఈ రోజు ఉప్పు కొద్దిగా ఎక్కువేసీసినావు మావా."

ఢిల్లీశ్వరరావు పొయ్యి వైపు తిరిగిపోయాడు. పొగ లేని ఆ పొయ్యి ముందు నిలబడి తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"అవునే" అన్నాడు. "సెయ్యి జారిపోనాది."

గౌరి తలూపింది. బేరం మొదలైంది.