కుంకుమ పెట్టిన డిస్కులు

దసరా మర్నాడు పొద్దున రాజాం నుంచి అక్క ఫోన్ చేసింది. ఆమె ఫోన్ చేయడమే మామూలు విషయం కాదు. గొంతుకి ఆపరేషన్ అయ్యాక అక్క మాట గాలిగా మారిపోయింది. ఎదురుగా కూర్చుంటే పెదవులు చూసి అర్థం చేసుకుంటాం గానీ, ఫోన్‌లో ఊపిరి తప్ప ఏమీ వినపడదు. ఆ ఊపిరిలోనే "పెట్టె... ఎర్ర లైటు" అన్న ముక్కలు తెలిశాయి. వెనకనుంచి బావ, ఏమీ కాలేదనీ, నన్ను కంగారు పడొద్దనీ అంటున్నాడు. బావ కంగారు పడొద్దన్నాడంటే ఏదో చేసే ఉంటాడు. విజయనగరం నుంచి స్కూటరు మీద బయలుదేరాను.

ఆ పెట్టె నేను కొన్నదే. మా నాన్న శ్రీముఖలింగంలో ఉన్నన్నాళ్లూ గుడిలో స్వామి మీద పాటలు పాడేవారు. ఆయన కట్టుకున్న వరసలు అక్కకి తప్ప ఎవరికీ రావు. అక్క వాటిని క్యాసెట్లలో పాడి పెట్టుకుంది. చాలా ఏళ్లు పిల్లలకి పాఠాలు చెబుతూ, ఆ పాఠాలు కూడా రికార్డు చేసుకుంది. గొంతు పోయాక, ఆ క్యాసెట్లన్నీ నేనే మా ఇంటికి తీసుకెళ్లి ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కించాను. అవి పదిలంగా ఉండాలని నాలుగు హార్డ్ డిస్కులు పట్టే పెట్టె తెచ్చి, అక్కవాళ్ల కంప్యూటరుకి తగిలించి అన్నీ అందులోకి మార్చాను. నా కంప్యూటర్లో చోటు చాలక అక్కడివి చెరిపేశాను. నాలుగు అరల్లో నాలుగు డిస్కులు, ఒకదాని కింద ఒకటి. ప్రతి పాటా ముక్కలై నాలుగింటిలోనూ సర్దుకుంటుంది. ఒక డిస్కు పాడైనా మిగిలిన మూడూ కలిసి ఆ లోటు పూడుస్తాయి. అయితే ఏది ఏ అరలో ఉందో అది ఆ అరలోనే ఉండాలి. అందుకే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చీటీలు రాసి అంటించాను. ఈ సంగతి బావకి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ అతను ధాన్యం బస్తాల గురించి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

ఇప్పుడు అక్క ఆ పెట్టెతోనే పాఠం చెబుతుంది. పిల్లలు చాప మీద కూర్చుంటారు. స్పీకర్లలోంచి ఆమె పాత గొంతు పాడుతుంది. అక్క తొడ మీద తాళం వేస్తూ, ఎవరైనా తప్పు పాడితే చెయ్యెత్తి ఆపి, అదే చోటు మళ్లీ వినిపిస్తుంది. ఆమెకి మిగిలిన గొంతు అదొక్కటే.

పెట్టె తెచ్చిన రోజున వాళ్లింట్లో చుట్టాలున్నారు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటిరా బావా ఇది, సెప్పుల స్టాండేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరవాత చాన్నాళ్లు ఆ ఇంట్లో దాని పేరు చెప్పుల స్టాండే. ఇంకో పెద్ద డిస్కు కొని నకలు తీసి పెడదామంటే, "నాలుగున్నాయి, సాలవేటి? పాండవుల్లాగ ఐదుండాలేటి?" అన్నాడు. క్యాసెట్లు తిరిగి తెచ్చి ఇస్తే, అన్నీ పెట్టెలోకి ఎక్కేశాయి కదా అని పాతసామాన్లవాడికి తూచి అమ్మేశాడు. నాతో ఒక్క మాట అనలేదు, అక్కతోనూ అనలేదు.

నా స్కూటరుకి బొట్టు పెట్టిన సంగతి వీటికంటే ముందుది. ఒక దసరాకి నేను అక్కడే ఉన్నాను. బావ వాకిట్లో బళ్లన్నీ వరసగా నిలబెట్టి బొట్లు పెడుతున్నాడు. తడిపిన కుంకుమలో ఒక్కసారి వేలు ముంచి ట్రాక్టరుకి పెట్టాడు, ఆ వేలితోనే వ్యానుకి, ఆ వేలితోనే మోటారుసైకిలుకి, చివరికి నా స్కూటరుకి. ట్రాక్టరు బొట్టు వీధి చివరికి కనపడుతుంది. నా స్కూటరు దగ్గరకొచ్చేసరికి వేలికి తడి మిగిలింది తప్ప రంగు మిగల్లేదు. మళ్లీ ముంచి పెట్టమన్నాను. "కనిపిస్తన్నాది కదేటి," అని పళ్లెం పట్టుకుని లోపలికి పోయాడు. కనిపించలేదు. ఇంటికెళ్లి నా భార్యకి చూపించాను, ఆమెకీ కనిపించలేదు.

నేను వెళ్లేసరికి అక్క కంప్యూటరు ముందు కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంది. మౌసుని కంప్యూటరు నుంచి పీకేసి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. తెర మీద ఒక ప్రశ్న ఉంది, ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని. పెట్టె ముందు, ఎప్పుడూ నీలంగా ఉండే నాలుగు లైట్లూ ఎర్రగా వెలుగుతున్నాయి.

"అడుగుతన్నాది కదా, ఊఁ అనీమంటే ఇనదు," అన్నాడు బావ. "పొద్దున్నుంచీ ఎలక్కి కాపలా కాస్తన్నాది మీ అక్క."

ఊఁ అంటే మొత్తం చెరిగిపోతుందని చెప్పాను. బావ నా మొహంకేసి, తరవాత అక్క మొహంకేసి చూశాడు. అప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చింది. దసరా నాడు ట్రాక్టరుకీ కాటాకీ బొట్లు పెట్టాక ఈ పెట్టె గుర్తొచ్చిందట. కంప్యూటరు ఆపి, అరలు లాగి, డిస్కులు బయటికి తీసి, శుభ్రంగా తుడిచి బొట్లు పెట్టి మళ్లీ తోసేశాడట. ఈ రోజు పొద్దున అక్క పాఠానికని స్విచ్చి వేస్తే ఇలా అయింది.

పెట్టాలనుకుంటే పెట్టె పైన ఒక్క బొట్టు పెడితే పోయేది కదా అన్నాను.

"నోపల నాలుగున్నాయన్నావు కదరా. మీ అక్క గొంతు నాలుగిట్లోనూ ఉన్నాదన్నావు. దేనికి లోపం సెయ్యమంటావు?"

చీటీలేవని అడిగాను. మురికి చీటీలని తడిగుడ్డతో రుద్ది తీసేశాడట. వరసగానే పెట్టావా అంటే, ఉన్నదున్నట్టే పెట్టీసినానని దేవుడి పటం మీద చెయ్యి వేయబోయాడు. అక్క అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

విజయనగరంలో పెట్టె అమ్మిన దుకాణంవాడికి ఫోన్ చేశాను. ముందు కరెంటు తీసెయ్యమన్నాడు. వరస తప్పితే ఈ రకం పెట్టె గుర్తుపట్టదనీ, సరిగ్గా మొదటి వరసలోనే పెడితే రావచ్చనీ అన్నాడు. తోచినట్టల్లా మార్చి మార్చి వెయ్యొద్దన్నాడు. తప్పు వరసలో వేసినప్పుడు అది తనంతట తాను సర్దుకోవడం మొదలుపెడితే, ఉన్నది కూడా పాడవుతుందట. విశాఖపట్నం పంపిస్తే చూసేవాళ్లున్నారు గానీ, పూచీ ఎవరూ ఇవ్వరన్నాడు. ఇదంతా నేను పైకి అంటుంటే అక్క వింది. మౌసు మాత్రం వదల్లేదు.

కరెంటు తీసేసి నాలుగు డిస్కులూ బయటికి లాగాను. తడి కుంకుమ లోపలికి దిగిందేమోనన్న భయం ఒకటి. దిగలేదు, రేకు మీదే ఎండిపోయింది. ఒకదాని మీద బొట్టు రూపాయి బిళ్లంత, ముద్దగా ఉంది. ఇంకోదాని మీద అంచులు పలచబడ్డాయి. మిగిలిన రెండింటి మీద ఉందా లేదా అన్నట్టున్నాయి. ఆ రెండింటినీ చూడగానే నా స్కూటరు కళ్లముందుకొచ్చింది.

"బావా, వేలు ఎన్నిసార్లు ముంచేవు?"

"దేనికి?"

"వీటికి. ఒక్కసారేనా?"

"ఒక్కసారి సాలదేటి? ఎంతున్నాయి ఇవి?"

ఒక్కొక్కటీ లాగి, తుడిచి, బొట్టు పెట్టి, పక్కన పెట్టాక ఇంకోటి లాగావా, లేక అన్నీ ఒకేసారి లాగి కుప్ప పోశావా అని అడిగాను. ఒక్కొక్కటే అన్నాడు. పైనుంచా, కిందనుంచా అన్నాను. ఆ ప్రశ్న అతనికి తెలివితక్కువగా తోచింది.

"బొట్టు కిందనించి ఎవుడెడతాడురా? పైనించే."

అయితే ముద్దగా ఉన్నది మొదటిది, అంచులు పలచబడ్డది రెండోది. కానీ ఇప్పుడు నేను లాగినప్పుడు అవి వచ్చిన చోట్లు వేరు, మొదటిది అడుగు అరలోంచి వచ్చింది. తుడిచి పక్కన పెట్టినవాటిని చేతికి అందినట్టు తోసేశాడన్నమాట. నేను ఆ మాట పైకి అన్నాను, బావ వినిపించుకోలేదు. చిక్కు మిగిలిన రెండింటితో వచ్చింది. ఎటు తిప్పినా రెండూ ఒకేలా ఉన్నాయి. ఇది మూడోదని నేను ఒకదాన్ని చూపిస్తే, కాదు అదని బావ ఇంకోదాన్ని చూపించాడు. తాను పెట్టిన బొట్టు తనకి తెలీదా అన్నాడు. తెలిస్తే ఈ గతి ఎందుకొచ్చిందన్నాను. ఇద్దరం చెరో డిస్కూ పట్టుకుని నిలబడ్డాం.

అక్క లేచింది. మౌసు బల్ల మీద పెట్టి, మా చేతుల్లోంచి రెండూ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. ఎండకి ఏటవాలుగా పట్టుకుని ఒకటి చూసింది, రెండోది చూసింది, మళ్లీ మొదటిది చూసింది. నన్ను రమ్మని సైగ చేసింది. ఒకదాని మీద బావ వేలి గీతలు సన్నగా, ఎర్రగా పడి ఉన్నాయి. రెండోదాని మీద గీతలు లేవు, నీటి మరక చుట్టూ గులాబి రంగు అంచు మాత్రం ఉంది.

"ఇది మూడు," అంది. ఆ గాలి మాట నాకు స్పష్టంగా వినిపించింది.

"తప్పితే?" అన్నాను.

తన గొంతుమీద వేలు పెట్టి చూపించుకుంది. నాది కదా, నేను చెబుతున్నాను అన్నట్టు. ఆ తరవాత తానే ఒక్కొక్కటీ అరలోకి తోసింది. ప్రతి అరా టక్కుమనేదాకా చెయ్యి తియ్యలేదు.

కరెంటు వేసింది నేను. నాలుగు లైట్లూ ఎర్రగా వెలిగాయి. లోపల డిస్కులు తిరుగుతున్న చప్పుడు. బావ దేవుడి పటం వైపు తిరిగి నిలబడ్డాడు. పై లైటు ఆరింది. అయిపోయిందనుకున్నాను. అది నీలంగా వెలిగింది, తరవాత దాని కిందది. మూడోది ఎంతకీ మారలేదు. అక్క నా భుజం పట్టుకుంది, ఆ గోళ్లు నాకు గుచ్చుకున్నాయి. మూడోదీ నాలుగోదీ ఒక్కసారే నీలంగా మారాయి. తెర మీద ఏ ప్రశ్నా రాలేదు. పాఠాల ఫోల్డర్లు ఎప్పట్లాగే వరసగా వచ్చాయి.

అక్క మౌసు తగిలించి, నాన్న పాటల్లో మొదటిది తెరిచింది. పాటకి ముందు తంబూరా ఒక్కటే కాసేపు మోగుతుంది.

"సూసినావా," అన్నాడు బావ, ఆ తంబూరా మీదుగా. "నాను బొట్టెట్టబట్టి దొరికినాది. ఎట్టకపోతే నీకేటి తెలుస్తాది?"

అతను బొట్టు పెట్టకపోతే పోయి ఉండేదే కాదు. చీటీలు ఉండేవి, వరస ఉండేది, నేను విజయనగరంలో నా ఇంట్లో ఉండేవాణ్ని. స్కూటరు బొట్టు నేను గుర్తుపెట్టుకోబట్టే దొరికింది గానీ, పెట్టినవాడివల్ల కాదు. క్యాసెట్లు తూచి అమ్మకుండా ఉంటే ఈ భయమే లేదు. ఇదంతా వరసగా నోటిదాకా వచ్చింది. నోరు తెరిచాను.

అక్క చెయ్యెత్తి ఆపింది, పాఠంలో తప్పు పాడిన పిల్లల్ని ఆపినట్టే. స్పీకర్లలో ఆమె పాట మొదలైంది. బావ నేల మీదే చతికిలబడి తల వంచుకుని వింటున్నాడు. నేను నిలబడే విన్నాను. అతనికి చెప్పవలసిన జవాబు మాత్రం ఒక్క ముక్క పోకుండా ఇంకా నా దగ్గరే ఉంది.