తడి నేల బోర్డు

నన్ను ఓపిక గల మనిషి అని ఎవరూ అనరు. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం, ఆరో అంతస్తు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు క్లయింట్లతో ఇంగ్లిష్‌లో ఎలా మాట్లాడాలో నేర్పడం నా పని. తప్పు మాట్లాడితే మధ్యలోనే ఆపేస్తాను. ఫోన్ చూస్తే బయటికి పంపేస్తాను. ఇది మా నాన్న నుంచి వచ్చిన గుణం. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడాయన. వెంట్రుక వాసి తేడా వచ్చినా ఆ ముక్కను పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టేవాడు.

అలాంటి నా క్లాసుకి పిలవకుండా వచ్చింది ఒక్క మనిషే. మా భవనం హౌస్‌కీపింగ్‌లో పనిచేసేది. నలభై దాటి ఉంటాయి. వికారాబాద్ వైపు పల్లె నుంచి వచ్చి నార్సింగిలో కిరాయికి ఉంటోంది. ఒకరోజు నా క్లాసు తలుపు బయట ఒకే చోట పది నిమిషాలుగా మాప్ పెట్టి తుడుస్తూ కనిపించింది. తుడవడానికి అక్కడ మరకేమీ లేదు.

“ఏంటమ్మా, ఇక్కడే తిరుగుతున్నావు?” అన్నాను.

“వింటున్న మేడం. మీరు గా పిల్లలను తిడుతుంటే నాకు మంచిగ అర్థమైతది,” అంది.

సంగతేమిటంటే, మా భవనంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. ఎప్పుడూ బయటి నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఎవరో ఒకరిని తెచ్చి పెట్టేవాళ్లు. ఈసారి లోపల పనిచేసేవాళ్లకే ఇస్తామన్నారు. కాకపోతే ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో ఉంటుందన్నారు. పదకొండేళ్లుగా ఆ భవనంలో ప్రతి మూలా తెలిసిన ఈమెకు ఆ పోస్టు కావాలి. గడువు నెల రోజులు. “జర నేర్పుండ్రి మేడం. మీకు కోపమెక్కువ గానీ నాకు మొండితనం ఎక్కువ,” అంది. ఆ మాట నాకు నచ్చింది.

రోజూ మధ్యాహ్నం రెండున్నరకు, ఆమె టిఫిన్ బాక్సు కడుక్కుని వచ్చేసరికి నా క్లాసు ఖాళీగా ఉండేది. అరగంట కూర్చునేవాళ్లం. మూడు వారాల్లో తన గురించి, తన పని గురించి తడబడకుండా చెప్పడం వచ్చింది. నాలుగో వారం కోరికల పాఠం మొదలుపెట్టాను. ఇంటర్వ్యూకి వచ్చే మా కంపెనీ తరఫు ఆఫీసరమ్మకు ఒక అలవాటుంది. నీ పనిలో ఏదైనా వేరేలా చేసి ఉంటే బాగుండేదనిపించిందా అని అందరినీ అడుగుతుంది. ఆ ప్రశ్న కోసమే ఈ పాఠం.

కాగితం మీద మూడు గళ్లు గీశాను. ఇప్పుడు లేనిది ఉంటే బాగుండునని చెప్పడానికి ఒకటి. జరిగిపోయింది వేరేలా జరిగి ఉంటే బాగుండేదని చెప్పడానికి ఒకటి. ఇకమీదట ఎవరైనా ఏదైనా చేస్తే బాగుండునని చెప్పడానికి ఒకటి. మొదటి గడిలో “ఐ విష్ ఐ న్యూ ఇంగ్లిష్” అని రాసి, నాకు ఇంగ్లిష్ వచ్చి ఉంటే బాగుండునని అర్థం చెప్పాను.

ఆమె దాన్ని కాసేపు చూసింది. “న్యూ అంటే నిన్నటి మాట కద మేడం. నాకు ఇంగ్లిష్ రానిది ఇయ్యాల. ఇయ్యాల్టి ముచ్చటకు నిన్నటి మాట ఎందుకు?”

ఇన్నేళ్లలో ఇంజినీరింగ్ చదివి వచ్చిన పిల్లలు ఒక్కరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. నోట్సులో ఎక్కించుకుని వెళ్లిపోతారు. “ఉన్నదాని గురించి కాదు, లేనిదాని గురించి చెప్తున్నాం. అందుకని మాటను ఒక అడుగు వెనక్కి జరుపుతారు,” అన్నాను.

“అట్లయితే నిన్నటి ముచ్చటను ఇంకో అడుగు యెనకకు జరుపుతరా?”

అంతే మరి. నేను క్లాసులో గంటసేపు చెప్పే పాఠాన్ని ఆమె రెండు మాటల్లో తేల్చేసింది. మూడో గడికి సొంతంగా ఒక వాక్యం చెప్పమన్నాను. పక్కవాళ్లు చెయ్యకుండా నీ ప్రాణం తీసే పనేదైనా ఉంటే చెప్పమన్నాను.

“ఐ విష్ దే వుడ్ ఫ్లష్,” అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. “నాలుగో అంతస్తు మేడం. అక్కడందరు పెద్ద పెద్ద సార్లే,” అంది.

పేచీ వచ్చింది రెండో గడి దగ్గర. ఆఫీసరమ్మ ప్రశ్నకు ఏం చెప్పాలో నేనే రాసిచ్చాను. ఇంకా చదువుకుని ఉంటే బాగుండేదని రాశాను. వినేవాళ్ల మనసు కరిగే జవాబు అది. ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇలాంటివి రాయడంలో నాకు పేరుంది. ఆమె దాన్ని చదివి కాగితం కింద పెట్టింది.

“చదువుకోలేదని ఏడిస్తే పనిస్తరా మేడం? నేను గట్ల ఎన్నడు అనుకోలే.”

“అనుకోకపోయినా చెప్పు. ఇంటర్వ్యూ అంటే అంతే,” అన్నాను. ఆమె వాదించలేదు. నాలుగు రోజులు అదే వాక్యం అప్పజెప్పింది. గుమ్మానికి తోరణం కట్టినంత శ్రద్ధగా నేను ఆ వాక్యాన్ని సరిచేస్తూ పోయాను.

ఇక్కడ ముందు జరిగిన ఒక సంగతి చెప్పాలి. మా భవనంలో ఒక ఆచారముంది. విదేశీ క్లయింట్లు వస్తున్నారంటే లాబీలో ముగ్గు వేస్తారు, పూలకుండీలు పెడతారు, బొట్టు పెట్టడానికి పళ్లెం పట్టుకుని పట్టుచీర కట్టుకున్న ఒక ఆడమనిషి నిలబడాలి. అదే రోజు, తడి నేల మీద జారకుండా పెట్టే పసుపు రంగు బోర్డులన్నీ తీసి మెట్ల కింద స్టోర్‌లో దాచేస్తారు. ఫొటోలో పడితే బాగోవట. బకెట్లూ మాపులూ కనబడకూడదు. వాటిని పట్టుకునే ఆడవాళ్లూ కనబడకూడదు, సర్వీసు తలుపు వెనక నిలబడాలి. నేల మాత్రం పదిహేను నిమిషాలకోసారి అద్దంలా తుడవాలి.

ఆ ఏడు వానాకాలంలో అలాంటి రోజున పాంట్రీలో టీ చేసే పెద్దాయన ట్రే పట్టుకుని లాబీ దాటుతూ జారిపడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. క్లయింట్లు ఇంకా రాలేదు కాబట్టి కప్పుల ముక్కలు ఊడ్చి, ఆయన్ను దవాఖానకు పంపి, పది నిమిషాల్లో మళ్లీ ముగ్గు సరిచేశారు. రిజిస్టర్‌లో ‘అజాగ్రత్త వల్ల పడ్డాడు’ అని రాశారు. ఆ రాతతో పెద్దాయన మళ్లీ పాంట్రీకి రాలేదు, గేటు దగ్గర పార్సిళ్లు చూసే పనిలో వేశారు. ఆ రోజు ఆ నేల తుడిచింది నా విద్యార్థే. బోర్డులు తీయించింది మా బిల్డింగ్ మేనేజర్. పట్టుచీర కట్టుకుని పళ్లెం పట్టుకున్నది నేను. అంతా నా కళ్ల ముందే జరిగింది. నేనేమీ అనలేదు.

ఇంటర్వ్యూలో ముగ్గురం కూర్చున్నాం. ఆఫీసరమ్మ, బిల్డింగ్ మేనేజర్, ఇంగ్లిష్ ఎలా ఉందో చెప్పడానికి నేను. ఆమె యూనిఫామ్ మీద ఒక్క ముడత లేకుండా వచ్చింది. మొదటి ప్రశ్నలన్నీ గడగడా దాటేసింది. మేనేజర్ నావైపు చూసి తల ఊపాడు. తర్వాత ఆఫీసరమ్మ అనుకున్న ప్రశ్నే అడిగింది. ఇంకేం, పోస్టు మాదే అనుకున్నాను.

ఆమె నావైపు చూసింది. తర్వాత ఆఫీసరమ్మ వైపు తిరిగి, “ఐ విష్ ఐ హ్యాడ్ పుట్ ద బోర్డ్,” అంది.

ఏ బోర్డు అని ఆఫీసరమ్మ అడిగింది. ఈమె చెప్పింది. వ్యాకరణం అక్కడక్కడా కూలిపోయింది గానీ ఒక్క ముక్క అర్థం కాకుండా పోలేదు. వాన పడుతోంది, నేల తడి, బోర్డు స్టోర్‌లో ఉంది, టీ అంకుల్ పడ్డాడు, చెయ్యి విరిగింది, రిజిస్టర్‌లో ఆయన తప్పని రాశారు, ఆయన తప్పు కాదు. బోర్డు ఎవరు తీయమన్నారని ఆఫీసరమ్మ అడిగినప్పుడు మేనేజర్ పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. ఈమె మేనేజర్ మాట ఎత్తకుండా తన రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. “మై హ్యాండ్, మేడమ్. ఐ మాప్,” అంది.

ఆఫీసరమ్మ మా ఇద్దరి వైపు తిరిగి ఇది నిజమేనా అంది. మేనేజర్ రిజిస్టర్ చూసి చెప్తానన్నాడు. నేను పెన్ను కింద పెట్టి, నిజమే, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, బోర్డులు లేవు అని చెప్పాను.

బయటికి వచ్చాక కారిడార్‌లో ఆమెను ఆపాను. కోపమొస్తే నా నోటికి బాలానగరే వస్తుంది. “ఎందుకట్ల చెప్పినవ్? నాలుగు దినాలు చెప్పిచ్చిన కద. పోస్టు పోతే ఎట్ల?”

“మీరు రాసిచ్చింది మంచిగున్నది మేడం. గానీ అది నాది కాదు. నాకు రాత్రిళ్లు యాదికొచ్చేది గా బోర్డే. నా మాట నేను చెప్పుకోకపోతే గీ ఇంగ్లిష్ ఎందుకు నేర్చుకున్నట్టు?”

ఆమె మాప్ తీసుకుని పనిలోకి వెళ్లిపోయింది. నేను క్లాసులోకి వెళ్లి తలుపు వేసుకుని కూర్చున్నాను. నాలుగు రోజులు నేను నూరిపోసిన అబద్ధాన్ని ఆమె నా ముందే పక్కన పడేసింది, మా నాన్న పనికిరాని ముక్కను పడేసినట్టే. సిగ్గుపడ్డాను. అంతకంటే ఎక్కువగా గర్వపడ్డాను. నేను నేర్పిన వాక్యాల్లో ఇంత ఖరీదైనది ఇంకెవరూ వాడలేదు.

పది రోజులు ఏ కబురూ లేదు. మేనేజర్ నాతో మాట్లాడటం మానేశాడు. పోస్టు పోయినట్టేనని ఇద్దరం అనుకున్నాం, పైకి అనుకోలేదు. పదకొండో రోజు ఆమె రెండున్నరకు వచ్చి, మెడలో కొత్త కార్డు నా ముందు పెట్టి చూపించింది. పేరు కింద సూపర్‌వైజర్ అని ఉంది. ఆఫీసరమ్మే పట్టుబట్టి ఇప్పించిందట. నేను దాన్ని చేత్తో పట్టుకుని రెండుసార్లు చదివాను. తర్వాతి వారమే రిజిస్టర్‌లో ఆ పాత పేజీ కింద తన చేతిరాతతో, వంకర ఇంగ్లిష్‌లో, ఆ రోజు బోర్డు లేదని రాసి సంతకం పెట్టింది. ఆఫీసరమ్మ కూడా పక్కన సంతకం పెట్టింది. పెద్దాయన పాంట్రీకి తిరిగొచ్చాడు.

మొన్న మళ్లీ క్లయింట్లు వచ్చారు. ముగ్గు, పూలకుండీలు, పట్టుచీరలో నేను. బయట చినుకులు పడుతున్నాయి. లాబీ మధ్యలో, సరిగ్గా ఫొటో తీసే చోట, పసుపు రంగు బోర్డు నిలబెట్టి ఉంది. దాని పక్కనే, సర్వీసు తలుపు వెనక కాదు, ఆమె నిలబడి ఉంది.

“ఏంటండీ ఇది, ఆ బోర్డు తీయమని చెప్పండి. ఇంకో అయిదు నిమిషాల్లో వచ్చేస్తారు,” అన్నాడు మేనేజర్ నా దగ్గరికొచ్చి, ఆమెతో నేరుగా అనలేక.

“నేల ఆరినంక తీస్త సార్,” అంది ఆమె, అక్కడి నుంచే.

మేనేజర్ నావైపు చూశాడు. “మీ స్టూడెంటే కదండీ. మీరైనా చెప్పండి.”

“నా స్టూడెంటేనండీ. అందుకే చెప్పను,” అన్నాను.

టీ ట్రేతో పెద్దాయన లిఫ్టు దగ్గర నుంచి వచ్చాడు. బోర్డు చూసి ఆగి, దాని చుట్టూ తిరిగి, ఒక్క కప్పు కూడా కదలకుండా లాబీ దాటాడు. కారు తలుపులు తెరుచుకున్న చప్పుడైంది. నేను పళ్లెం పట్టుకుని, ఆయన నడిచిన దారిలోనే బోర్డు చుట్టూ తిరిగి గుమ్మం దగ్గరికి వెళ్లాను.