మేస్త్రిని నేను నియమించిన వేసవి

1999 ఫిబ్రవరిలో గుంటూరు శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగా చేరాను. అంతకుముందు పదిహేనేళ్లు నూలు మిల్లులో చేసినవాణ్ణి. మనుషుల చేత పని చేయించడం నాకు ఇంకొకరు నేర్పాలా అనుకునేవాణ్ణి.

అక్కడ బరువులు మోసేవాళ్లది రెండు ముఠాలు. ఏసురత్నం ముఠా చాంబర్లలో టిక్కీలను, అంటే మిరపకాయల బస్తాలను, అంతస్తుల మీదికి ఎక్కించి దించేది. వెంకటేశ్వర్లు ముఠా బయట లారీల దగ్గర పనిచేసేది. ఒకరి పని ఒకరు ముట్టేవారు కాదు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. రెండు ముఠాలనూ కలిపేసి, అందరికీ ఒకే రంగు చొక్కాలు కుట్టించాను. మేస్త్రీలైన ఆ ఇద్దరినీ మామూలు కూలీల్లో కలిపి, ఆఫీసు సూపర్‌వైజరు ప్రసాదును వాళ్ల మీద పెట్టాను. ఆ ఉత్తర్వు మీద సంతకం చేసిన రోజు నా అంత మొనగాడు లేడనుకున్నాను.

మే నెలలో మూడో చాంబరుకు చల్లదనమిచ్చే యంత్రం ఆగిపోయింది. రెండు రోజుల్లో సరుకంతా ఐదో చాంబరుకు మార్చకపోతే కాయ రంగు దిగిపోతుంది. రంగు దిగిన కాయను మిర్చి యార్డులో ఎవరూ కన్నెత్తి చూడరు. అదంతా పర్చూరు వైపు రైతుల ఏడాది పంట.

ప్రసాదు గొంతు చించుకున్నాడు. మొదటి రోజు సాయంత్రానికి పావు వంతు కూడా కదల్లేదు. మెట్ల మీద ఒకడు ఆగితే వెనక పదిమంది ఆగేవాళ్లు. "ఒరేయ్, అది మీవాళ్ల పని", "చెప్పటానికి నువ్వెవడివిరా?" అన్న మాటలే వినపడ్డాయి. బయటి మనుషుల్ని తెప్పించమని యజమాని కబురు చేశారు.

మర్నాడు పొద్దున్నే ఏసురత్నాన్ని పిలిచి, ఏమిటీ గొడవ అని అడిగాను.

"టిక్కీ ఎత్తుకుని మెట్లు దిగేటప్పుడు ఎనకాలున్నోడు మనోడా కాదా తెలియాలండి. కాలు జారితే పట్టుకుంటాడో లేదోనని చూసుకుంటా దిగితే పనేం జరుగుద్ది? ప్రసాదుగారు మంచోరేనండి. కాకపోతే ఆయన ఏనాడూ బరువు మోయలేదు గదండీ" అన్నాడు.

నాకు సిగ్గేసింది. అందరినీ పోగుచేసి, ఉత్తర్వు రద్దయిందని, తప్పు నాదేనని చెప్పాను. పని ఎలా పంచుకోవాలో మేస్త్రీలిద్దరికే వదిలేశాను. వాళ్లకు ఐదు నిమిషాలు పట్టలేదు. చాంబరు తలుపు దాకా ఏసురత్నం ముఠా, తలుపు దగ్గర్నుంచి వెంకటేశ్వర్లు ముఠా. మొదటి టిక్కీని అరవై దాటిన ఏసురత్నమే భుజానికెత్తుకున్నాడు. తలుపు దగ్గర దాన్ని అందుకున్నది వెంకటేశ్వర్లు. "కానీయండ్రా!" అని ఏసురత్నం ఒక్క కేక వేశాడంతే. ఆ తర్వాత మెట్ల మీద ఎవరూ ఆగలేదు.

పొద్దుగూకేలోపు మూడో చాంబరు ఖాళీ అయింది. తర్వాత రైతులు టిక్కీలు విప్పితే కాయ ఎర్రగా నిగనిగలాడింది. అంతటి పని నా హయాంలో జరిగిందని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. నేను చేసిందల్లా అడ్డు తప్పుకోవడమే అయినా సరే.

అక్కడ ఇంకో ఎనిమిదేళ్లు పనిచేశాను. ఎవరి వెంట నడవాలో జట్టు ముందే తేల్చుకుని ఉంటుందనీ, పైవాడు చేయగలిగింది ఆ మనిషిని గుర్తించడమేననీ ఆ వేసవిలో తెలిసింది. ఏసురత్నం పని మానుకున్నప్పుడు కొత్త మేస్త్రి నియామకపు ఉత్తర్వు టైపు చేయించి, సంతకం పెట్టి, పేరుండాల్సిన చోటు ఖాళీగా ఉంచి ముఠాకే పంపాను.