జాకీ ఎత్తని ఉదయం

పోయిన ఆదివారం మా మేనమామ మనవరాలు చర్చి నుంచి తిన్నగా ప్రగతి నగర్‌లోని మా ఇంటికి తన జీపు తోలుకొచ్చింది. ఆ పిల్లకు రాయదుర్గంలో ఒక అద్దాల భవనంలో ఉద్యోగం. ఐదు రోజులు కుర్చీలో కూర్చున్నందుకు ప్రాయశ్చిత్తమన్నట్టు శనివారం వస్తే స్నేహితులతో కలిసి ఆ జీపును బండలూ గుట్టలూ ఎక్కిస్తుంది. ఈ మధ్య స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ముందు నుంచి టక్కుమని చప్పుడు వస్తోందట. సర్వీసు సెంటరుకు పోక, మోకాళ్ళ నొప్పులతో మూలుగుతున్న నా దగ్గరికెందుకమ్మా అంటే, “పెద్దమావయ్యా, ముందు చక్రం మీరు చూస్తే ఇగ ఫికరే లేదని తాతయ్య ఎప్పుడూ అనేటోడు. జర చూడండి” అంది. ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో ఆమెకు తెలియదు.

ముందు ఇరుసు చివర, చక్రం అటూ ఇటూ తిరగడానికి పైనొకటీ కిందొకటీ రెండు కీళ్ళుంటాయి, బాల్ జాయింట్లంటారు. మనిషి మోకాళ్ళలాగే అవీ అరుగుతాయి. బండి నేల మీద నిలబడినంతసేపూ దాని బరువే వాటిని అదిమి పట్టి ఉంచుతుంది కనుక అరుగుదల పైకి తెలియదు. జాకీ పెట్టి చక్రాన్ని నేల నుంచి లేపాలి, టైరు కింద గడ్డపార దూర్చి ఎత్తి చూడాలి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. వదులు తగిలితే, అది చక్రం బేరింగుదో కీలుదో తేల్చడానికి ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కించాలి. బ్రేకు పట్టాక కూడా చక్రం ఊగుతుంటే కీలు పోయినట్టే. ఇందులో నమ్మకానికి చోటు లేదు. అందుకే ఒకప్పుడు నాకు అంత ఇష్టమైన పని ఇది.

ఇప్పుడు హైటెక్ సిటీ అంటున్న చోట రాతి గుండ్లూ సీతాఫలం పొదలూ తప్ప మరేమీ లేని రోజులు మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. నేను కూకట్‌పల్లి కాలనీలో మావయ్య ఇంట్లో ఉంటూ, భూములు కొలిచే ఒక కాంట్రాక్టరు దగ్గర బండ్ల రిజిస్టరు రాసేవాణ్ణి. మావయ్య అక్కడే జీపు డ్రైవరు. నాకా ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. మాది గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. కాలేజీలో ఉండగానే నేను చర్చి మానేసి, వారం వారం ఒక చర్చా వేదికలో మతాలన్నిటినీ వరసబెట్టి ఉతికేవాణ్ణి. అదే నోటితో ఇంటికొచ్చి, అన్నం ముందు కళ్ళు మూసుకున్న మావయ్యతో చారు చల్లారిపోయేదాకా వాదించేవాణ్ణి. “నీ లాజిక్కు తర్వాత తింటాగానీ, ముందు నా చారు తాగనివ్వరా” అనేవాడాయన.

కాంట్రాక్టరు గొప్ప భక్తుడు. ప్రతి డ్రైవరూ పొద్దున్నే బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాకే బండి కదలాలని ఆయన కట్టడి. బండిని తనిఖీ చేసి నేను సంతకం పెట్టాకే కదలాలన్నది నేను పట్టుబట్టి తెచ్చిన కట్టడి. డ్రైవర్లు రెండింటికీ నవ్వుకునేవారు, మావయ్య ఒక్కడే రెండింటినీ పాటించేవాడు.

ఒక వారంగా స్టీరింగ్ ఎడమకు లాగుతోందని మావయ్య చెబుతూ ఉన్నాడు. ఆ ఉదయం చూస్తానన్నాను. ముందురోజు వానకు షెడ్డు ముందంతా బురద. జాకీ పెడితే దిగబడిపోతుంది, కింద వేసే చెక్క ఎక్కడో ఇనుప సామాను అడుగున ఉంది. పైగా ఆ సాయంత్రం చర్చా వేదికలో నేను మాట్లాడాలి, ఆధారం లేనిదే దేన్నీ ఒప్పుకోరాదన్నది విషయం, ప్రసంగం ఇంకా సగమే రాశాను. జీపును ఉన్నచోటనే ఉంచి టైరును రెండు చేతులతో గట్టిగా ఊపాను. కదల్లేదు. ఎలా కదులుతుంది? అది నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను.

“చూశావా అబ్బాయ్?” అన్నాడు మావయ్య.

“చూశాను మావయ్యా.”

ఆయన తడి బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. రోజూ కంటే కాస్త ఎక్కువసేపే.

మధ్యాహ్నం కాకముందే కబురొచ్చింది. గుట్ట వాలులో ఎడమ చక్రం పక్కకు వాలిపోయి, జీపు వెళ్ళి గుండును కొట్టింది. మావయ్య ఎడమ మణికట్టు నుజ్జయింది. నేను పరుగున వెళ్ళి చూస్తే, కింది కీలు గిన్నెలోంచి ఊడొచ్చి, తుప్పుపట్టి, ఎండిపోయి వేలాడుతోంది. ఒక్క జాకీ, రెండు నిమిషాలు చాలు, అది బయటపడేది.

సాయంత్రం దవాఖానాకు కాంట్రాక్టరు రిజిస్టరు చంకలో పెట్టుకునే వచ్చాడు. ఆయన దాన్ని తెరవబోతుండగా మంచం మీంచి మావయ్య అన్నాడు: “అయ్యగారూ, ఇవాళ ప్రార్థన చెయ్యకుండా బండి తీశానండీ. తప్పు నాదే.”

రిజిస్టరు మూతబడింది. కాంట్రాక్టరు చుట్టూ ఉన్న డ్రైవర్ల వైపు తిరిగి, “చూసిన్రా? దేవుణ్ణి తల్సుకోకుండ బండి తీస్తే గిట్లనే అయితది” అన్నాడు. అలాంటి తర్కాన్ని రెండు నిమిషాల్లో చీల్చి చెండాడగల మొనగాణ్ణి నేను. నోరు విప్పలేదు. నా జీవితంలో మూఢనమ్మకాన్ని కళ్ళెదుట పెట్టుకుని ఊరకున్నది ఆ ఒక్కసారే; అది నన్ను కాపాడుతోంది కాబట్టి ఊరకున్నాను.

మావయ్యను జీపు మీంచి దించి గేటు కాపలాకు వేశారు. ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా మూసుకోలేదు. చర్చిలో పెద్దలు ఆదివారమాదివారం ఆయనకు ప్రార్థన విలువ గురించి బుద్ధి చెబుతుంటే తల వంచుకుని వినేవాడు. నిజం చెప్పేస్తానని ఒకరోజు నేను ఏడిస్తే, “ఊరుకోరా. ఉద్యోగంలో ఇప్పుడే కదా నిలదొక్కుకుంటున్నావు. నా దేవుడితో నేను మాట్లాడుకుంటాలే” అన్నాడు. ఆ తర్వాత ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ జాకీ ఎత్తకుండా నేను ఒక్క సంతకమూ పెట్టలేదు. అది చూసే కాబోలు, మనవరాలికి నా గురించి అంత గొప్పగా చెప్పుకున్నాడు.

మొన్న జాకీతో చక్రాన్ని నేల నుంచి లేపి, ఆ పిల్లను బ్రేకు తొక్కి పట్టుకోమని, నేలమీద చతికిలబడి చక్రం పట్టుకుని ఊపాను. బ్రేకు పట్టి ఉన్నా ఊగింది. ఆ చక్రాన్ని పట్టుకునే ఉండి, ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిదంతా ఆమెకు చెప్పాను. కింద కూర్చున్నాను కనుక ఆమె ముఖం నాకు కనిపించలేదు. సీట్లోంచే అంది: “పోయే ముందు తాతయ్య నాకొకటి చెప్పిండు పెద్దమావయ్యా. ఆ పొద్దున తను ప్రార్థన చేసిండంట. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు. ఎందుకో నాకు ఇప్పుడు తెల్సింది.” తర్వాత బండి దిగొచ్చి, నా చేతులకంటిన నల్లటి గ్రీజును తన చున్నీతో తుడవబోయింది. వద్దన్నాను.

ఆ గుట్ట ఎక్కడుండేదో చూపించమంది. చూపించలేకపోయాను, ఏ టవరు పునాదుల కోసం దాన్ని పేల్చేశారో. మావయ్యా నేనూ ఒకే కప్పు కింద, ఒకే గిన్నెలోని చారు పోసుకుంటూ, దేవుడి గురించి గొంతులు చించుకున్నాం. ఇప్పుడు ఆ తగాదా అంతా ఫోన్లలో, ముఖాలు తెలియని వాళ్ళ మధ్య, బూతులతో నడుస్తోంది. నన్నూ అందులోకి లాగుతుంటారు, ఓపిక లేక తప్పుకుంటున్నాను. గెలిచినవాళ్ళను ఎందరినో చూశాను, ఓడి పళ్ళు నూరుకున్నవాళ్ళనూ చూశాను. ఎదుటివాణ్ణి కాపాడడం కోసం, తనకు ప్రాణంతో సమానమైన ప్రార్థననే కావాలని ఓడగొట్టుకున్న మనిషిని మాత్రం మావయ్య తర్వాత చూడలేదు.