మైకులో చెప్పకూడని మాట

బస్సు డిపోలో మైకు పెట్టేది ఏ బస్సు ఎప్పుడు బయలుదేరాలో చెప్పడానికి. ఆ డిపోలో మాత్రం అది ఇంటి కబుర్లకే ఎక్కువగా పనికొచ్చేది. దానికి కారణం అక్కడి కంట్రోలరు. మనిషి వెన్న, కాని నోట్లో నువ్వుగింజ నానదు. డ్యూటీ ఎక్కే డ్రైవర్లు తమ సెల్‌ఫోన్లు కంట్రోలు గదిలోని ఇనప పెట్టెలో పెట్టి వెళ్లాలన్నది నియమం కాబట్టి, ఇళ్లవాళ్లు ఏ అవసరమొచ్చినా కంట్రోలు గదికే ఫోన్ చేసేవాళ్లు. ఆయన రిసీవరు పెట్టేసి, గొంతు సవరించుకుని, విన్నది విన్నట్టు డిపో అంతా మోగించేవాడు.

“పన్నెండో నంబరు డ్రైవరు గమనించాలి. తాళంచెవి మీ జేబులోనే ఉండిపోయిందట. మీ ఆవిడ గుమ్మం బయట కూర్చుని ఉంది. కోపంగా ఉంది.”

డిపో గొల్లుమనేది. పన్నెండో నంబరు డ్రైవరు కూడా తల గోక్కుంటూ నవ్వేవాడు. ఇవాళ నా వంతు, రేపు నీ వంతు అన్నట్టు సాగిపోయేది. కంట్రోలరుని అందరూ మైకు బాబాయ్ అనేవాళ్లు, ఆయనకీ ఆ పేరంటే ముచ్చటే.

ఆ డిపోలో ఒక్కతే ఆడ డ్రైవరు ఉండేది. అందరికీ డ్రైవరక్క. లాండ్రీవాళ్ల బట్టల మూటలు మోసే చిన్న బండితో మొదలుపెట్టి, పెద్ద బండి లైసెన్సు సంపాదించి, ఏడో నంబరు బస్సు దాకా వచ్చింది. మొదట్లో ఆమె రివర్సు చేస్తుంటే చూడ్డానికి మగ డ్రైవర్లు గుంపుగా నిలబడేవాళ్లు. ఎన్నాళ్లు చూసినా ఏ గోడా పగలకపోయేసరికి వాళ్లకే విసుగొచ్చి మానేశారు. ఆమె బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలరు. ఆ మాట ప్రయాణికులు అంటే ఆమె పైకి పట్టనట్టే ఉండేది గానీ, ఇంటికెళ్లి టైలరు పని చేసే మొగుడికి తప్పకుండా చెప్పుకునేది.

డ్రైవరక్క వాళ్లమ్మ చాలాకాలం మంచాన పడి చనిపోయింది. అమ్మ పోయాక ఆమెకి నిద్ర కరువైంది. కళ్లు మూస్తే చాలు, అమ్మ పిలిచినట్టు లేచి కూర్చునేది. ఇలాంటి కళ్లతో స్టీరింగు పట్టుకోనని తనంతట తనే సెలవు పెట్టింది. మొగుడికి చెప్పి, మరెవరికీ చెప్పకుండా మనసు డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆ డాక్టరమ్మ మందులిచ్చింది. మందులకంటే ముందు, తలుపు వేసి, చెప్పమంది.

ఆ గదిలో డ్రైవరక్క ఏం చెప్పిందో నేను చెప్పను. మీకు తెలుసుకోవాలని ఉంటుంది, కాదనను. నాకూ ఉంది. కాని ఈ గొడవంతా ఆ మాట బయటికి పొక్కకూడదనే జరిగింది కాబట్టి, మీరూ నేనూ నోరు మూసుకుని ముందుకు పోవడమే మర్యాద.

నిద్ర మళ్లీ వచ్చింది. బండి నడపొచ్చని డాక్టరమ్మ అన్నాకే డ్యూటీలో చేరింది. ఒక చిన్న మాత్ర, నెలకోసారి ఆసుపత్రికి వెళ్లి రావడం మాత్రం మిగిలాయి. సెల్‌ఫోను పగలంతా ఇనప పెట్టెలో ఉంటుంది కదా అని, ఆసుపత్రి కౌంటర్లో రెండో నంబరుగా డిపో నంబరు కూడా ఇచ్చింది. అదే ఆమె చేసిన పొరపాటు, దాన్ని పొరపాటు అనగలిగితే.

డిపోలో ఇంకో కుర్ర డ్రైవరు ఉన్నాడు. ఎదురుగా పిల్లి కనిపించినా హారను కొడతాడు కాబట్టి అతన్ని హారను అనేవాళ్లు. ఓ రోజు అతను ఇంట్లో పనుందని బతిమాలితే, డ్రైవరక్క అతని డ్యూటీ కూడా తనే చేసింది. దాంతో ఆసుపత్రికి వెళ్లడం తప్పిపోయింది. రాని పేషెంట్లకి ఫోన్ చేసి పిలవడం ఆ ఆసుపత్రి పద్ధతి. మంచి పద్ధతే. కౌంటర్లో కూర్చునే అమ్మాయి మర్నాడు సెల్‌ఫోనుకి చేసింది, ఎత్తలేదు. డిపోకి చేసింది. పాపం, మాత్రలు ఆగిపోతాయేమోనన్న కంగారులో, ఎత్తినవాళ్లెవరని కూడా అడక్కుండా అంతా చెప్పేసింది.

మైకు బాబాయ్ కూడా అలవాటు తప్పలేదు.

“ఏడో నంబరు డ్రైవరమ్మ గమనించాలి. మెంటలు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మీ మాత్రలు అయిపోయి ఉంటాయట. రేపు తప్పకుండా రమ్మంటున్నారు.”

డ్రైవరక్క అప్పుడే బస్సు దిగి అద్దం తుడుస్తోంది. మైకు మోగితే నవ్వడం అలవాటైన డిపో ఎప్పటిలాగే నవ్వేసింది. అందరికంటే ముందు నవ్వింది హారను. తర్వాత ఒక్కొక్కరికీ విన్నదేమిటో అర్థమై, నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. ఆమె గుడ్డ పిండి, కమ్మీ మీద ఆరేసి, తన ట్రిప్పు తను వెళ్లింది. బస్సు దారిలో వెళ్లింది గానీ, ఆమె మనసు ఆ కమ్మీ దగ్గరే ఆగిపోయింది.

సాయంత్రానికి మేనేజరు పిలిచాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. బస్సులో అంతమంది ఎక్కుతారనీ, రేపు ఏదైనా జరిగితే తన పీక మీదికొస్తుందనీ, వైద్యం ఫైలు మొత్తం తెచ్చి చూపిస్తే, అందులో ఏమీ లేదని తేలితే, తాళాలు వెంటనే ఇచ్చేస్తాననీ చెప్పాడు. అప్పటిదాకా పోయిన వస్తువుల గదిలో కూర్చోమన్నాడు. ఆమెకి వాదించడానికి మాటలు దొరకలేదు. నోటికొచ్చింది ఒక్కటే.

“ఫైలు ఇవ్వను సార్.”

ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది. నీళ్లు నమిలి బయటికొచ్చింది. కాని ఇవ్వనన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పోయిన వస్తువుల గదిలో గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు, ఎవరో మరిచిపోయిన పెళ్లి ఫొటో. ఇదివరకు అక్కడ కూర్చున్నవాళ్లు ఏ సంచీ వచ్చినా ముందు విప్పి, లోపలున్నవాటి మీద జోకులు వేసుకునేవాళ్లు. డ్రైవరక్క విప్పేది కాదు. వచ్చినవాళ్లని జిప్పు ఏ రంగో, పట్టీ ఎక్కడ కుట్టించారో అడిగేది. సరిపోతే ఇచ్చి పంపేది. కిటికీలోంచి చూస్తే ఏడో నంబరు బస్సు కనిపించేది. దాన్ని ఇప్పుడు హారను నడుపుతున్నాడు. అతను బ్రేకు వేసినప్పుడల్లా ఆమె పళ్లు నూరుకునేది.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట. అన్నయ్య వచ్చి, గోరంతదాన్ని కొండంత చేస్తున్నావు, పడేసెయ్యరాదా ఆ కాగితాలు వాళ్ల మొహాన అన్నాడు. మొగుడు కూడా కుట్టుమిషను ఆపి, బతిమాలినట్టే చెప్పాడు. అందులో చెడ్డది ఏమీ లేదుగా అన్నాడు.

“లేదని మీకెలా తెలుసు? ఉందని నేననట్లేదు. లేదనీ అనట్లేదు.”

అతను తెగిన దారం సూదిలోకి ఎక్కించాడు. తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది.

“నా గురించి ఏమైనా చెప్పావా అందులో?”

పెళ్లయ్యాక అతను ఇంతగా చిన్నబోవడం ఆమె చూడటం అదే మొదలు. లేదు అంటే ఆ క్షణానికి ఇద్దరికీ బాగుండేది. కాని ఈయనకి కొంచెం, అన్నయ్యకి కొంచెం, మేనేజరుకి కొంచెం అంటూ పోతే చివరికి డాక్టరమ్మ గదిలో ఏం మిగులుతుంది?

“చెప్పినా చెప్పకపోయినా అది అక్కడే ఉంటుందండీ. అక్కడ ఉంటుందన్న నమ్మకంతోనే నేను నోరు తెరిచాను. తెరిచాను కాబట్టే ఇవాళ నిద్రపోతున్నాను. మిమ్మల్ని చూస్తే జాలేస్తోంది, అయినా చెప్పను.”

అతను మొహం తిప్పుకుని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. మర్నాడు ఆమె ఆసుపత్రికి బయల్దేరితే మాత్రం తనే బస్టాపు దాకా వచ్చాడు.

కౌంటర్లో అమ్మాయి సంగతి వినగానే ఏడ్చేసింది. నీ మంచి కోరే చేశానక్కా అంది. డ్రైవరక్క ఆమె వీపు నిమిరింది. నిమిరి, ఫిర్యాదు కాగితం అడిగింది. నీ మీద కోపం లేదు, రేపు ఇంకొకరికి ఇలా జరక్కూడదు అంటూ ఆ అమ్మాయి కలంతోనే రాసింది. డాక్టరమ్మ తలుపు వేసి అంతా విన్నది. ఆసుపత్రి తరఫున తప్పు ఒప్పుకుంది.

“మీరు ఇక్కడికి వస్తారన్న సంగతి కూడా, మీరు ఒప్పుకోకుండా మేము మీ మేనేజరుకి చెప్పకూడదు. మీరు ఒప్పుకుంటే, మీరు చెప్పమన్నంతే చెప్తాం. బండి నడపగలరా లేదా అన్నది ఆయన అడగొచ్చు. ఈ తలుపు వెనక మాటలు అడగకూడదు.”

మేనేజరు గదిలో తనకి దొరకని మాటలు అవే. డాక్టరమ్మ ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టింది. ఈమె బస్సు నడపడానికి అన్ని విధాలా తగి ఉంది, అంతే. ఏ జబ్బు, ఏ మందు, ఏమీ లేదు.

మేనేజరు ఆ కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. ఇంతేనా అన్నాడు. ఇది చాలదన్నాడు. డ్రైవరక్క ఈసారి నీళ్లు నమల్లేదు. ఆయన బల్ల మీదే ఇంకో కాగితం పెట్టింది. హెడ్డాఫీసుకి రాసిన అర్జీ అది. మిగతా డ్రైవర్లకి చేసే పరీక్షలే నాకూ చెయ్యండి, ఒకటి తక్కువ వద్దు, ఒకటి ఎక్కువ వద్దు, ఏ డ్రైవరునీ డాక్టరుతో ఏం మాట్లాడావని అడగనప్పుడు నన్నెందుకు అడుగుతారని అందులో ఉంది. ఆయనకి చూపించకుండా పైకి పంపడం ఇష్టం లేక తెచ్చానని కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ, అర్జీ ఆపలేదు.

జవాబు రావడానికి ఆలస్యమైంది. ఈలోపు ఓ మధ్యాహ్నం మైకు బాబాయ్ పోయిన వస్తువుల గది గుమ్మంలో నిలబడ్డాడు. అన్నాళ్లూ ఆమె ఎదురుపడకుండా తప్పించుకు తిరిగిన మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“తప్పయిపోయిందమ్మా. నా నోరు ఊరుకోలేదు. ఇవాళ సాయంత్రం అందరూ ఉన్నప్పుడు మైకులో క్షమాపణ చెప్పేస్తాను. నీకు జబ్బు నయమైపోయిందనీ, నువ్వు మంచి డ్రైవరువనీ, అంతా చెప్తాను.”

డ్రైవరక్కకి ఒక్కసారిగా కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. ఈయన తప్పు దిద్దుకోవడానికి కూడా మైకే కావాలి.

“బాబాయ్, నా జబ్బూ మైకులో వద్దు, నా నయమూ వద్దు. నువ్వు నిజంగా నాకేమైనా చెయ్యాలనుకుంటే, ఇకమీదట ఫోనొచ్చిందని మటుకు చెప్పు. ఎవరి నుంచో, ఎందుకో చెప్పకు. నాకొక్కదానికే కాదు, అందరికీ.”

“అందరికీనా?” అన్నాడు ఆయన దిగులుగా. ముప్పొద్దులా తిండి మానెయ్యమన్నా అంత దిగులు పడేవాడు కాదు.

“అందరికీ.”

ఆయన నాలుక కరుచుకుని, తలూపి వెళ్లాడు. ఆ సాయంత్రం నుంచి మైకులో నంబరు, ఫోను, అంతే. డిపో చప్పబడిందని కొందరు గొణిగారు. కొందరు మాత్రం, ముఖ్యంగా పన్నెండో నంబరు డ్రైవరు, చాలా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

హెడ్డాఫీసు చివరికి ఒప్పుకుంది. అందరికీ చేసే పరీక్షలే చేశారు. కళ్లు చూశారు, చెవులు చూశారు. శిక్షకుడు పక్కన కూర్చుని, ఊళ్లోకెల్లా ఇరుకైన సందులో బస్సు తిప్పించాడు. ఆయన ఎక్కడా ముందుకు తూలలేదు. తాళాలు ఇస్తూ మేనేజరు నొచ్చుకున్నట్టే అన్నాడు.

“ఫైలు చూపించి ఉంటే ఇదంతా ఎప్పుడో అయిపోయేది కదమ్మా.”

“అయిపోయేది సార్. కాని నా తర్వాత వచ్చేవాళ్లని కూడా చూపించమనేవారు.”

ఆమె ఏడో నంబరు సీటు తన ఎత్తుకి సరిచేసుకుని, కమ్మీ మీద కొత్త గుడ్డ ఆరేసుకుని, పనిలో పడింది.

కొన్నాళ్ల తర్వాత ఓ పొద్దున, బస్సులన్నీ బయల్దేరే ముందు, మైకు గరగరమంది.

“పంతొమ్మిదో నంబరు డ్రైవరుకి ఫోను.”

పంతొమ్మిది అంటే హారను. అతను నవ్వుతూ కంట్రోలు గదిలోకి వెళ్లాడు. లోపల రిసీవరు చెవికి పెట్టుకున్న క్షణంలో అతని మొహం మారిపోవడం డ్రైవరక్క తన సీట్లోంచి చూసింది. మైకు బాబాయ్ బయటికొచ్చి, తలుపు దగ్గరగా లాగి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఎవరు అడిగినా ఏమో అన్నట్టు చేతులు తిప్పాడు. ఆ గది కిటికీకి మాత్రం అద్దం లేదు, ఎప్పుడో పగిలింది. అటు పక్క నిలబడ్డ డ్రైవర్లు అప్పటికే మాటలు ఆపి చెవులు రిక్కించారు. లోపల్నుంచి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడే హారను గొంతు సన్నగా వినిపిస్తోంది.

“డాక్టరు గారూ, నిన్న రాత్రి కూడా...” అన్నంతవరకే వినిపించింది.

డ్రైవరక్క ఏడో నంబరు ఇంజను స్టార్టు చేసింది. బండి కదల్లేదు, కదిలించే ఉద్దేశమూ లేదు. యాక్సిలరేటరు మీద కాలు నొక్కి పట్టుకుంది. కిటికీ పక్కనే ఉన్న ఆ పాత ఇంజను డిపో అదిరేలా రొద పెట్టింది. చెవులు రిక్కించినవాళ్లు విసుక్కుంటూ, చెవులు మూసుకుంటూ దూరం జరిగారు. ఎవరో ట్రిప్పు టైము కాలేదు కదక్కా అని అరిచారు. ఆమె వినపడనట్టు అద్దంలోకి చూస్తూ, లోపల హారను రిసీవరు పెట్టెయ్యడం కనిపించేదాకా కాలు తియ్యలేదు.